పదహారు గజాలు

నందివారిపాలెం,
సత్తెనపల్లి దగ్గర,
18-7-1982.

గౌరవనీయులైన జయకుమారి టీచరు గారికి వెంకటరావమ్మ నమస్కరించి రాస్తున్నది.

నేను మీకు గుర్తుండే ఉంటాను. పోయినేడు మీ దగ్గర ఆరో తరగతి చదివిన కోటేశ్వరి వాళ్ళ అమ్మను. హైస్కూలుకు ఆనుకుని ఉన్న మిరప కల్లం మాదే. మీరు దాచేపల్లి బడిలో చేరారని హెడ్మాస్టరు యలమందయ్య గారు చెబితే అడ్రసు రాయించుకున్నాను. కొత్త ఊరు, కొత్త నీళ్ళు. మీ ఒంట్లో బాగుంటుందని అనుకుంటున్నాను.

మీరు వెళ్ళిన దగ్గర్నుంచి మా బళ్ళో లెక్కలు చెప్పే దిక్కు లేదు. రేపు వేస్తారు, ఎల్లుండి వేస్తారు అంటున్నారు. డ్రిల్లు మాస్టారు వచ్చి ఎక్కాలు చదివించి వెళుతున్నారు. కోటేశ్వరికి ఈ ఏడు ఏడో తరగతి పరీక్ష ఉందని మీకు తెలుసు. తప్పితే బడి మాన్పించి చేలోకి తీసుకుపోతానని మా ఆయన రామాంజనేయులు గారు ఇప్పటి నుంచే అంటున్నారు. మంచి మార్కులొస్తే ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో ఎనిమిదిలో సీటు వస్తుందట. నాకు ఆ ఆశ ఒకటి ఉంది.

నేను ఎనిమిది వరకు చదివాను. చేతిరాత బాగుంటుందని మా మాస్టారు మెచ్చుకునేవారు గాని లెక్కలు ఎప్పుడో మర్చిపోయాను. నిన్న పిల్ల ఒక లెక్క తెచ్చింది. పన్నెండు మంది కూలీలు ఒక చేలో పత్తిని పదిహేను రోజుల్లో ఏరుతారు, ఇరవై మంది అయితే ఎన్ని రోజుల్లో ఏరుతారు అని. నేను హెచ్చవేసి భాగించి ఇరవై అయిదు రోజులని చెప్పాను. అది నా మొహం చూసి, "మనుషులెక్కువైతే పని ఆలస్యమవుద్దా అమ్మా?" అంది. సిగ్గేసింది. ఎక్కడ తప్పానో తెలియలేదు.

దయచేసి ఈ లెక్క ఎలా చెయ్యాలో రాయండి. మీ బదిలీ సంగతి విని మేము బాధపడ్డాం. ఊళ్ళో పెద్దవాళ్ళ సంగతి మీకు తెలుసు. మాలాంటి ఆడవాళ్ళ మాట ఎవరు వింటారు?

ఇట్లు,
వెంకటరావమ్మ


దాచేపల్లి,
2-8-1982.

వెంకటరావమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కోటేశ్వరి అడిగిన ప్రశ్నలోనే ఆ లెక్క ఉంది. ఏ లెక్కయినా కలం పట్టుకోక ముందు ఒకటి అడగండి: జవాబు పెరగాలా, తగ్గాలా? మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి. అది తేలాక మిగతా పని చిన్నది.

పన్నెండు మంది పదిహేను రోజులు ఏరారంటే ఆ చేలో మొత్తం పని ఎంత? ఒక్క మనిషే ఏరితే నూట ఎనభై రోజులు పడుతుంది. ఆ నూట ఎనభైని ఇరవై మందికి పంచండి. తొమ్మిది రోజులు. మీరు పదిహేనును ఇరవైతో హెచ్చవేసి పన్నెండుతో భాగించారు. ఎక్కువ బట్టకు ఎక్కువ నూలు పట్టే లెక్కకు అది సరిపోతుంది. దీనికి సరిపోదు. పిల్లకు రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపించండి. కింద పది లెక్కలు రాశాను. జవాబులు రాయలేదు. చేసి పంపితే దిద్ది పంపుతాను.

నేనడిగేది ఒక్కటే. మీ అమ్మాయి పక్కన కూర్చునే సంతోషకుమారి గుర్తుందా? చర్చి వైపు పల్లెలో ఉండే పున్నమ్మ కూతురు. పున్నమ్మ కూలికి పోతుంది, ఆమెకు చదువు రాదు. ఆ ఇంటికి ఉత్తరం రాసినా చదివి విడమరిచి చెప్పేవాళ్ళు లేరు. నేను పంపే ప్రతి లెక్కనూ ఇంకో కాగితం మీద ఎత్తిరాసి ఆ పిల్లకు అందేలా చూడండి. ఆ రెండు బుర్రలూ ఒకదాన్ని చూసి ఒకటి పరిగెత్తేవి.

ఇక్కడ సిమెంటు దుమ్ము. కిటికీ మూసినా పుస్తకాల మీద పొర పడుతుంది. మా వారు ప్రేమదాసు గారి ఉద్యోగం సత్తెనపల్లిలో కనుక శనివారం వెళ్ళి సోమవారం తెల్లవారుజామున బస్సెక్కి వస్తున్నాను.

ఇట్లు,
జయకుమారి


నందివారిపాలెం,
10-10-1982.

టీచరు గారికి నమస్కారాలు.

మీరు దిద్ది పంపిన కాగితాలు మూడు సార్లూ అందాయి. ఆఖరిసారి పదికి తొమ్మిది ఒప్పులు చూసి కోటేశ్వరి ఇల్లంతా తిరిగింది. ఆ తొమ్మిదిలో రెండు నేను చేసినవని మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పప్పు ఉడికేలోపు పొయ్యి ముందు బొగ్గుముక్కతో గచ్చు మీద వేసి చేశాను. జవాబు వచ్చాక మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేనొక పని చేసి అది ఒప్పో తప్పో నాకు నేనే తేల్చుకున్నది ఇదే మొదటిసారి.

ఇప్పుడు మా అరుగు మీదికి నలుగురు తల్లులు వస్తున్నారు. బాపయ్య గారి కోడలు తన కొడుకును వెంటబెట్టుకుని మరీ వస్తోంది. "అత్తా, ఈ సున్నా ఎందుకు పక్కకు జరిగింది?" అని అడుగుతుంటే నాకు తెలిసిందల్లా చెబుతున్నాను. తెలియంది రేపు చెబుతానని మీ ఉత్తరం కోసం చూస్తున్నాను. మా ఆయన చూసి, "నువ్వు చెప్పే లెక్కలకు మిరపకాయలు ఎర్రబడతయ్యా?" అన్నారు. అననీయండి.

ఒక సందేహం. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో హెచ్చవేస్తే ధన సంఖ్య వస్తుందని పుస్తకంలో ఉంది. ఎందుకొస్తుంది? రెండు తప్పులు కలిస్తే ఒప్పవుతుందా? డ్రిల్లు మాస్టారినడిగితే, "అది రూలమ్మా, రూలుకు ఎందుకు ఉండదు" అన్నారట.

సంతోషకుమారికి అన్నీ ఎత్తిరాసి పంపుతూనే ఉన్నాను. బాగా చేస్తోంది.

మీ,
వెంకటరావమ్మ


దాచేపల్లి,
5-11-1982.

వెంకటరావమ్మ గారూ,

పొయ్యి ముందు మీరు చేసిన లెక్కల గురించి రెండుసార్లు చదివాను. పాఠం చెప్పేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

మీ సందేహానికి బావి దగ్గరికి రండి. ఎండాకాలం. నీళ్ళు రోజుకు రెండడుగులు దిగుతున్నాయి. దిగడం కనుక దాన్ని రుణ రెండు అనండి. ఇంకో మూడు రోజులకు నీళ్ళెక్కడుంటాయి? ఇప్పటికంటే ఆరడుగులు కింద. మరి మూడు రోజుల కిందట ఎక్కడున్నాయి? వెనక్కి పోయే రోజులు కనుక రుణ మూడు. అప్పుడు నీళ్ళు ఆరడుగులు పైనే కదా ఉన్నది. రుణ రెండు, రుణ మూడు హెచ్చవేస్తే ధన ఆరు. తప్పులు కలిసి ఒప్పు కాలేదు. దిగుతున్న బావిని వెనక్కి తిరిగి చూశామంతే. రూలుకు ఎందుకు అనేది ఎప్పుడూ ఉంటుంది. ఆ మాట పిల్లలకు చెప్పండి.

ఇక నా సంగతి. నా మీద మీ ఊరి నుంచి వెళ్ళిన అర్జీ మీద జనవరి 20న సత్తెనపల్లిలో విచారణ పెట్టారు. పిల్లల్ని పాఠం మాన్పించి పొలాల్లో తిప్పాననీ, ఎండలో నిలబెట్టి ప్రార్థన చేయించాననీ అందులో ఉందట. ఎవరెవరు రాశారో నాకు చూపించలేదు.

జరిగింది మీకు తెలియకపోవచ్చు. కనుక చెబుతాను. ఫిబ్రవరిలో ఆరో తరగతికి వైశాల్యం పాఠం వచ్చింది. పుస్తకంలో దీర్ఘచతురస్రం చూపిస్తే పిల్లలకు ఎక్కదు. అందుకని తాడు పట్టుకుని బడి స్థలాన్నే కొలవమన్నాను. ఒక్క పీరియడు. రికార్డులో బడికి ఎనభై సెంట్లు. ఎనభై ఎనిమిది గజాల పొడవు, నలభై నాలుగు గజాల వెడల్పు. పిల్లలు కొలిస్తే వెడల్పు సరిపోయింది, పొడవు డెబ్బై రెండే వచ్చింది. నేను నమ్మక రెండోసారి కొలిపించాను. మళ్ళీ డెబ్బై రెండే. కంచె వైపు తాడు కొస పట్టుకున్నది మీ కోటేశ్వరి. బోర్డు మీద అరవై అయిదున్నర సెంట్లని లెక్క తేల్చింది సంతోషకుమారి. పదహారు గజాల మేర బడి స్థలం ఎటు పోయిందో నేను పిల్లల ముందు అనలేదు. హెడ్మాస్టరు గారికి మాత్రం చెప్పాను. ప్రార్థన అన్నది అబద్ధం. ఆ మాట వచ్చిన దగ్గర్నుంచి, ఉత్తరం పైన ప్రభువు పేరు రాసుకునే అలవాటు కూడా మానుకున్నాను.

కోటేశ్వరి ఆరో తరగతి లెక్కల నోటు పుస్తకంలో ఆ రోజు కొలతలు, తారీకు, నా సంతకం ఉన్నాయి. పాఠమే చెప్పానని చూపడానికి అది చాలు. మీరు ఆ పుస్తకంతో ఆ రోజు సత్తెనపల్లి రాగలరా? మీరొక తల్లి. మీ మాటకు విలువ ఉంటుంది.

మీ,
జయకుమారి


నందివారిపాలెం,
12-1-1983.

టీచరు గారికి,

జవాబు ఆలస్యమైనందుకు క్షమించాలి. మిరప కోతలు మొదలయ్యాయి. కూలీలకు వంట, కల్లం మీద కాపలా, క్షణం తీరిక లేదు. దానికితోడు కోటేశ్వరికి నాలుగు రోజులు జ్వరం. ఇరవయ్యో తారీకున నేను కదలడం కుదరదు. ఆడదాన్ని, ఒక్కదాన్నే ఆఫీసులకు రావడం మా ఇంట్లో ఒప్పుకోరు.

ఆరో తరగతి పుస్తకాలు పోయిన వేసవిలో శనక్కాయలమ్మే అతనికి వేసేశాం. వెతికాను, కనపడలేదు.

మీకు మంచే జరుగుతుంది. మీరు ధైర్యంగా ఉండండి.

పిల్లకు రైళ్ళ లెక్కలు రావడం లేదు. 150 మీటర్ల రైలు 250 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని 20 సెకన్లలో దాటితే వేగం ఎంత అని ఉంది. పుస్తకం వెనక గంటకు 72 కిలోమీటర్లని ఉంది. మాకు 45 వస్తోంది. వీలు చూసుకుని రాయగలరు.

ఇట్లు,
వెంకటరావమ్మ


దాచేపల్లి,
26-1-1983.

వెంకటరావమ్మ గారికి,

విచారణ అయింది. బదిలీ ఖాయం చేశారు. ఒక ఇంక్రిమెంటు ఆపారు. అరగంట పట్టింది.

మీకు నేను ఒక అబద్ధం రాశాను. అర్జీ నాకు చూపించలేదని. జూన్‌లోనే చూపించారు. కింద పదకొండు పేర్లు. తొమ్మిది వేలిముద్రలు, రెండు సంతకాలు. మొదటిది మీ వారిది, రెండోది మీది. సంతకం సంగతి పక్కన పెట్టండి. ఆ అర్జీ మొత్తం మీ చేతిరాత. 'ళ' కింద మీరు తిప్పే మెలిక మీ మొదటి ఉత్తరం విప్పగానే కనపడింది. మీరు బాధపడ్డామని రాసిన వాక్యం, నేను ప్రార్థన చేయించానని రాసిన వాక్యం ఒకే కలంతో రాసినట్టున్నాయి.

అయినా జవాబెందుకు రాశానని అడుగుతారేమో. ఆ ఉత్తరంలో లెక్క పిల్లది. తర్వాత మీరు పొయ్యి ముందు చేసిన లెక్క గురించి రాశారు. అప్పుడు నాకు ఆశ పుట్టింది. అడిగితే మీరే చెబుతారని నవంబరులో అలా అడిగాను. మీరు శనక్కాయలు అని రాశారు.

విచారణకు మీ ఊరి నుంచి ఒకే మనిషి వచ్చింది. పున్నమ్మ. ఆ రోజు కోత కూలి పోగొట్టుకుని, నడిచి రోడ్డెక్కి వచ్చింది. "మా టీచరమ్మ తాడిచ్చి కొలిపించింది బాబూ, ప్రార్థన మేం చర్చి గుళ్ళో చేసుకుంటాం గాని బళ్ళో ఎందుకు చేసుకుంటాం?" అంది. విచారణాధికారి, "వైశాల్యం అంటే ఏమిటో నీకు తెలుసా?" అని అడిగారు. తెలీదంది. "తెలీకపోతే పాఠం చెప్పిందో లేదో నీకెట్లా తెలుసు, వెళ్ళు" అన్నారు. గదిలో ఇద్దరు నవ్వారు.

బయటికి వచ్చాక సంతోషకుమారి ఎలా చేస్తోందని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది. ఏ కాగితమూ ఆ ఇంటికి రాలేదు. ఒకసారి ఆ పిల్ల మీ అరుగు దాకా వచ్చిందట. ఎవరో తరిమారట. ఎవరో ఆమె చెప్పలేదు. దీపావళి నుంచి ఆ పిల్ల బడి మానేసి పత్తి తీతకు పోతోంది. లెక్కలు చెప్పేవాళ్ళు లేని బడికి పోయి ఏం చెయ్యాలి అని తల్లినడిగిందట.

రైలు లెక్క. రైలు ప్లాట్‌ఫారం దాటడమంటే ఆఖరి పెట్టె కూడా దాటాలి. ప్లాట్‌ఫారం పొడవు ఒక్కటే తీసుకుంటే చాలదు, రైలు పొడవు కూడా కలపాలి. 150, 250 కలిపి 400 మీటర్లు. ఇరవైతో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లు.

ఇట్లు,
జయకుమారి


నందివారిపాలెం,
27-2-1983.

టీచరు గారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఉత్తరం నా కంటే ముందు కోటేశ్వరి చదివింది. పోస్ట్‌మన్ బడి దగ్గర దాని చేతికే ఇచ్చి పోయాడు. ఎప్పట్లాగే లెక్కలుంటాయని విప్పిందట. ఇంటికొచ్చి నన్ను ఒకటే అడిగింది. "అమ్మా, ప్రార్థన చేయించలేదుగా. చేయించిందని ఎందుకు రాశావు?"

దానికి చెప్పలేనిది మీకు చెబుతాను. కొలిచిన రోజు అది అన్నం తింటూ, "నాన్నా, మన కల్లం బడిలో ఉంది" అంది. సంతోషంగానే అంది. లెక్క తేలిన సంతోషం. ఆయన కంచం వదిలేసి లేచారు. ఆ పదహారు గజాలు మా మామగారు కలిపిన నేల. నాకు ఆ సంగతి కాపురానికి వచ్చిన ఏడే తెలుసు. మా ఆయన నలుగురినీ కూర్చోబెట్టి అర్జీ అన్నారు. పాఠం చెప్పిందని అర్జీ పెట్టలేం కదా, ప్రార్థన అని పెట్టమని ఎవరో అన్నారు. రాసేవాళ్ళు కావాలన్నారు. నన్ను పిలిచారు. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. నా చేతిరాత బాగుంటుందని పది మందిలో అన్నారు. నేను చాపేసుకుని కూర్చుని శుభ్రంగా రాసిపెట్టాను. ఒక మాట కొట్టివేత లేకుండా రాశాను. అదీ జరిగింది.

సంతోషకుమారి మా అరుగు దాకా వచ్చిన మాట నిజం. మా ఆయన ఇంట్లో లేరు. పొమ్మన్నది నేనే. మిగతా తల్లులు లేచిపోతారని భయపడ్డాను. తర్వాతైనా కాగితం ఎత్తిరాసి పంపవచ్చు. మొదటి రెండు ఎత్తిరాశాను కూడా. పల్లెలోకి ఎవరి చేత పంపాలా అని ఆలోచిస్తూ పెట్టెలో పెట్టాను. పెట్టెలోనే ఉన్నాయి.

మొన్న కోటేశ్వరి మీ ఉత్తరాలన్నీ తీసుకుని పున్నమ్మ ఇంటికి పోయింది. పొద్దుగూకేదాకా రాలేదు. వచ్చాక కళ్ళు వాచి ఉన్నాయి. సంతోషకుమారి బాగానే మాట్లాడిందట. "హాజరు లేదంట, పరీక్షకు కూర్చోనివ్వరంట, నాకెందుకే ఇవి" అని ఉత్తరాలు తిరిగి ఇచ్చేసిందట. ఆ రోజు నుంచి కోటేశ్వరి నా దగ్గర లెక్కలు చెప్పించుకోవడం లేదు. నేను పక్కన కూర్చుంటే పుస్తకం మూసేస్తోంది. అరుగు మీదికి ఇప్పుడు ఎవరినీ రానివ్వడం లేదు నేను.

నోటు పుస్తకం శనక్కాయలకు పోలేదు. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. దానితోపాటు ఇంకో కాగితం రాసి, ఒక ప్రతి ఆఫీసుకు పంపాను. ఆ అర్జీ రాసింది నేనని, అందులో ప్రార్థన మాట అబద్ధమని, బడి స్థలం పదహారు గజాలు మా కల్లంలో ఉందని రాశాను. ఆయనకు తెలియదు.

క్షమించమని అడగను.

వెంకటరావమ్మ


దాచేపల్లి,
20-3-1983.

వెంకటరావమ్మ గారికి,

పుస్తకం, కాగితం అందాయి. రెండూ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా చూసి, "విచారణ ముగిసిందమ్మా, ఈ కాగితం జనవరిలో వచ్చుంటే వేరుగా ఉండేది" అన్నాడు. స్థలం సంగతి మాత్రం వేరే సెక్షనుకు పంపుతారట.

మీరు రాసింది నిజం కనుక దానికి విలువ ఉంది. దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు. రెండూ నిజమే.

పరీక్ష ముందు కోటేశ్వరికి ఈ మాట చెప్పండి. కోపంలో లెక్క చేస్తే కూడికల్లో తప్పులొస్తాయి. ప్రతి జవాబునూ వెనక నుంచి ఒకసారి సరిచూసుకోమనండి. మీరు చెబితే వినకపోతే నా ఉత్తరం చూపండి.

జయకుమారి


నందివారిపాలెం,
14-6-1983.

టీచరు గారికి,

కోటేశ్వరికి లెక్కల్లో నూటికి తొంభై ఏడు వచ్చాయి. బడి మొత్తానికి అదే ఎక్కువ. రెసిడెన్షియల్ స్కూలు ఎంట్రన్సులో కూడా పాసయింది. సీటు కాగితం వచ్చింది.

మే నెలలో సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాడు. బడి పొడవు కొలిచి మీ పిల్లలు చెప్పిన లెక్కే చెప్పాడు. ఊరంతా కంచె దగ్గర నిలబడి చూసింది. మా ఆయన సర్వేయరుకు అడ్డు చెప్పలేదు. పంట కాలం అయ్యాక చూద్దామన్నారు. కంచె ఇప్పటికీ అక్కడే ఉంది. సర్వేయరు చేతిలోని కాగితాల్లో నా రాత ఆయన చూశారు. ఇంటికొచ్చి కేకలు వేస్తారనుకున్నాను. కాళ్ళు కడుక్కుని కూర్చుని, "చదువుకున్నదాన్ని చేసుకున్నందుకు నాకు జరగాల్సిందే. దీన్ని చదివించి ఇంకో ఇల్లు ముంచను" అన్నారు. సీటు కాగితం మీద సంతకం పెట్టలేదు. గడువు పదో తారీకుతో అయిపోయింది.

నేను పెడతానంటే తండ్రి ఉండగా తల్లి సంతకం చెల్లదని హెడ్మాస్టరు గారు అన్నారు. ఆయనకూ ఊళ్ళో ఉండాలి కదా.

పిల్ల ఏడవలేదు. ఇప్పుడు మిరప నారుమడికి నీళ్ళు మోస్తోంది. నాతో అవసరమైన మాటే మాట్లాడుతుంది. నేను నిజం దాచినప్పుడు సంతోషకుమారి చదువు పోయింది. నిజం చెప్పినప్పుడు నా బిడ్డ చదువు పోయింది. నేను ఏది చేసినా ఆడపిల్లల మీదే పడుతోంది. ఇందులో నా తప్పు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు.

వెంకటరావమ్మ


దాచేపల్లి,
22-6-1983.

వెంకటరావమ్మ గారికి,

మా బడిలో ఎనిమిదో తరగతికి చేర్చుకోవడం ఇంకా అవుతోంది. కోటేశ్వరిని నా దగ్గరికి పంపండి. నా గదిలో ఉంటుంది. ఇల్లుగల ఆవిడ కరీమున్ గారిని అడిగాను, ఆమెకు అభ్యంతరం లేదు. టీ.సీ. ఇవ్వడానికి యలమందయ్య గారు వెనకాడితే మా హెడ్మాస్టరు చేత ఉత్తరం రాయిస్తాను. తెచ్చుకోవలసింది రెండు జతల బట్టలు. పుస్తకాలు ఇక్కడ ఉన్నాయి.

మీ మీద కోపం పోయి ఇది రాయడం లేదు. పోలేదు. పున్నమ్మను చూసి ఆ గదిలో నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. కానీ తొంభై ఏడు మార్కుల పిల్ల నారుమడిలో ఉంటే నాకు నిద్ర పట్టదు.

పదో తారీకులోపు ఏ సంగతో తెలపండి.

జయకుమారి


నందివారిపాలెం,
6-7-1983.

టీచరు గారికి,

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. దాచకుండా మొత్తం చదివాను. విని, "ఆవిడ ఇంట్లో అన్నం తింటుందా మన పిల్ల?" అన్నారు. చదువు గురించి కాదు, దూరం గురించి కాదు. మా అత్తగారు పుల్లమ్మ గారు గడప మీద కూర్చుని, "రేపు దాన్ని ఎవరు చేసుకుంటారే?" అంది.

ఆయన మాటకు నేను జవాబు చెప్పాల్సింది. తింటే ఏమిటని అనాల్సింది. నోటి దాకా వచ్చింది. కోటేశ్వరి నీళ్ళ బిందెతో వాకిట్లో నిలబడి నా మొహమే చూస్తోంది. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

పంపలేను టీచరు గారూ.

వెంకటరావమ్మ


దాచేపల్లి,
1-8-1983.

వెంకటరావమ్మ గారికి,

మీ జవాబు వచ్చిన శనివారం సత్తెనపల్లి వెళ్ళి, అక్కడి నుంచి పున్నమ్మకు కబురు చేశాను. ఆదివారం ఆమె సంతోషకుమారిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లను ఇక్కడికి తీసుకొచ్చాను. ఒక ఏడు పోయింది కనుక మళ్ళీ ఏడో తరగతిలో చేరింది. పత్తి తీసి వేళ్ళ చివరలు పగిలి ఉన్నాయి. కలం పట్టుకుంటే నొప్పి అంటుంది, అయినా వదలదు. మొదటి వారం భిన్నాలు కూడా మర్చిపోయింది. ఇప్పుడిప్పుడే గుర్తొస్తున్నాయి. నిన్న రైలు లెక్క ఒక్కసారి చెబితే చేసేసింది.

మీ అమ్మాయి కోసం సర్దిన మంచం అది. ఆ పిల్లకు ఆ సంగతి చెప్పలేదు.

మీకు ఇక ఉత్తరాలు రాయవలసిన లెక్కలేవీ మిగల్లేదు. ఈ ఒక్క ఉత్తరమూ ఎందుకు రాస్తున్నానంటే, వచ్చిన దగ్గర్నుంచి సంతోషకుమారి రోజూ బడి నుంచి రాగానే నన్నొక మాట అడుగుతోంది. కోటేశ్వరికి సీటు వచ్చిందని విన్నాను, ఏ బళ్ళో చేరింది టీచరు గారూ అని.

ఏం చెప్పమంటారో రాయండి.

జయకుమారి